తల తిప్పని పన్నెండు వారాలు

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు నేను ఆటో దిగుతుంటే, మా కృష్ణానగర్ సందులో అరుగు మీద కూర్చున్న ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "గెటప్ మస్తుందమ్మా! ఏ సిన్మా?" అని అడిగాడు. మా సందులో అది తప్పు మాట కాదు. యముడి కిరీటం పెట్టుకున్న మనిషి కిరాణా కొట్టులో పాల ప్యాకెట్టు కొనుక్కోవడం, చెంప మీద కత్తి గాటు అంటించుకున్నవాడు బండి దగ్గర ఇడ్లీ తినడం మాకు రోజూ కనిపించేవే. నా కోడలు మాత్రం ఊరుకోలేదు.

"సిన్మా కాదన్నా. నిజంగనే తలకాయకు మేకులు దింపిండ్రు. జర జరుగు," అంది.

ఆయన గబుక్కున లేచి గోడకి ఒదిగిపోయాడు. ఎవరినో మోసుకెళ్తుంటే దారి ఇచ్చినట్టు నిలబడ్డాడు. ఆయన వంక తిరిగి ఒక చూపు చూద్దామనుకున్నాను. తల తిరగలేదు. అప్పటికి నాకింకా అలవాటు కాలేదు.

మెడలో పైనుంచి రెండో ఎముక విరిగింది. తల కదలకుండా నుదుటి చుట్టూ ఒక లోహపు చక్రం పెట్టి, దాన్ని నాలుగు మేకులతో పుర్రెకి బిగించారు. కనుబొమల పైన రెండు, చెవుల వెనక రెండు. చక్రం నుంచి నాలుగు కడ్డీలు దిగి, లోపల గొర్రె బొచ్చు కుట్టిన ఒక గట్టి కవచానికి కలుస్తాయి. ఆ కవచం పన్నెండు వారాలు ఒంటి మీద నుంచి తియ్యకూడదు. దాని ఛాతీ మీద ఒక చిన్న రెంచిని టేపుతో అంటించారు. అదెందుకని అడిగితే నర్సు, "గుండె ఆగితే గబగబా విప్పడానికి అమ్మమ్మా," అని మామూలుగా చెప్పి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఊపిరి తీసినప్పుడల్లా ఆ రెంచి నా కంటికి కిందుగా లేచి పడుతూ ఉండేది.

"పన్నెండు వారాల్లో అతుక్కుంటే మంచిది. అతక్కపోతే వెనక నుంచి కోసి ఆపరేషన్ చెయ్యాలి. మీ వయసు, మీ షుగరు చూస్తే నేను దానికి తొందరపడను," అన్నాడు డాక్టరు. తొందరపడను అంటే బల్ల మీద నుంచి లేవకపోవచ్చని. ఆ మాట నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

నాది మూడో తరగతి చదువు. కోడలు షూటింగు నుంచి తెచ్చే సీన్ పేపర్ల వెనక తెల్లగా ఉన్న వైపు ఇది రాస్తున్నాను. ఒక పక్కే అచ్చయిన కాగితం చెత్తలో పడితే నాకు మనసు ఒప్పదు. కాబట్టి తప్పులుంటే ఉంటాయి.

మాది తెనాలి పక్క పల్లె. మా ఆయన సెట్లు కట్టే వడ్రంగి. ఆయన పోయాక నేను జూనియర్ ఆర్టిస్టునయ్యాను. పెళ్ళి పందిట్లో అక్షింతలు వేసే ముసలమ్మ, గుడి మెట్ల మీద భక్తురాలు, శవం చుట్టూ కూర్చుని గుండెలు బాదుకునే ఆడవాళ్ళలో ఒకతె, అన్నీ నేనే. కొడుకు లైట్ల డిపార్ట్‌మెంట్. ఔట్‌డోర్ వెళ్తే నెలల తరబడి రాడు. వాడు ప్రేమించి చేసుకున్న పిల్ల మేడ్చల్ వైపు మనిషి, కాస్ట్యూమ్స్‌లో కుట్టుపని. "ఏంది అత్తమ్మా" అంటుంది, నన్ను "నువ్వు" అంటుంది. వాళ్ళలో అది మర్యాద తక్కువ కాదని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా నా చెవికి ఎక్కలేదు. ఎనిమిదేళ్ళు ఒకే వంటగదిలో తిరిగాం. అవసరానికి మించి ఒక మాట నేను ఆమెతో ఎక్కువ మాట్లాడలేదు.

ఆమె పనిచేసే సీరియల్లోనే నాకు శవం వేషం వచ్చింది. ఇన్నేళ్ళలో కెమెరా నా ఒక్కదాని ముఖం మీదికి రావడం అదే మొదలు. ఆ ఇంటి పెద్దావిడ చనిపోతుంది, ఆవిడని హాల్లో చాప మీద పడుకోబెడతారు. ఫిలింనగర్‌లో కొండవాలు మీద ఒక బంగళా అద్దెకి తీసుకున్నారు. నా ముఖానికి పసుపు రాశారు, ముక్కుల్లో దూది పెట్టారు, తల దగ్గర దీపం వెలిగించారు. కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి తెల్ల గుడ్డతో కట్టారు. కట్టింది నా కోడలే. ఆ పని కాస్ట్యూమ్స్ వాళ్ళదే మరి. కడుతూ, "బిగుతయిందా?" అని అడిగింది. శవం మాట్లాడదని నేను జవాబివ్వలేదు.

షాట్ బాగా వచ్చింది. "ఊపిరెప్పుడు తీశారమ్మా, మాకే భయమేసింది," అన్నాడు డైరెక్టరు.

సినిమా వాళ్ళకి ఒక ఆచారం ఉంది. శవం వేషం వేసినవాళ్ళు షాట్ కాగానే లేచి కూర్చుని, అదే కెమెరా వంక చూసి నవ్వాలి. ఆ నవ్వునీ తీస్తారు. ఎక్కడా చూపించరు. ఆ మనిషి తాలూకు ఆఖరి ముఖం చచ్చిన ముఖం కాకూడదని, అంతే. ఎంతమందో అలా లేచి నవ్వడం నేను పక్కన కూర్చుని చూశాను. పెద్ద పెద్ద హీరోలు కూడా మానరు.

నేను మానాను. కృష్ణానగర్ వెళ్ళే కంపెనీ వ్యాను గేటు దగ్గర హారన్ కొడుతోంది. అది పోతే ఆటో ఎక్కాలి. కెమెరా అబ్బాయి, "అమ్మా, ఒక్క నిమిషం, నవ్వు షాట్ ఉండిపోయింది," అంటున్నాడు. "నా నవ్వు ఎవడిక్కావాలి, మీరే నవ్వుకోండి," అని దూది పీకి పారేసి లేచాను. బొటనవేళ్ళ కట్టు ఒక వేలికి విప్పాను. రెండోది వ్యానులో విప్పుకోవచ్చు అనుకున్నాను. మూరెడు కొత్త మల్లు గుడ్డ. అక్కడే పడేస్తే ఊడ్చేస్తారు, ఇంటికి తెచ్చుకుంటే దేనికో దానికి పనికొస్తుంది. కుడికాలి వేలికి అది వేలాడుతూ ఉండగానే బయటికి నడిచాను. గేటు దాకా రాతి మెట్లు. మూడో మెట్టు మీద ఎడమకాలు ఆ గుడ్డని తొక్కింది.

డాక్టరుకీ కొడుక్కీ కాలు జారింది అని చెప్పాను. గుడ్డ మాట ఎత్తలేదు. కోడలు ఆసుపత్రిలో నా వేలికి ఉన్న ముడిని పళ్ళతో విప్పింది, ఆమె కూడా ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక రోజులన్నీ ఒకేలా మొదలయ్యేవి. తలకడ ఎత్తుగా దిళ్ళు వేసి వాలి పడుకునేదాన్ని. తెల్లారాక కోడలు నన్ను లేవనెత్తేది. కడ్డీలు పట్టుకుని లేపకూడదు, వీపు కింద చెయ్యి వేసి లేపాలి. తర్వాత మేకుల దగ్గర శుభ్రం చెయ్యడం. ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్ళు, దూది పుల్లలు.

"ఏమే, పుల్లకి రెండు కొసలున్నాయి కదా. ఒక కొస వాడి పారేస్తావేం?" అన్నాను మొదటిరోజు.

"ఒక్కో మేకుకు ఒక్కో పుల్ల, అత్తమ్మా. ఒకదాని చీము ఇంకోదానికి పోవద్దు."

"చీమెక్కడుంది?"

"రావద్దనే కదా. కండ్లు మూస్కో. సప్పుడు చేయకు."

ఆమె నాకు "సప్పుడు చేయకు" అని చెప్పే రోజు వస్తుందనుకోలేదు. కాదని తల అడ్డంగా ఊపుదామంటే తల ఊగదు. అప్పుడు తెలిసింది, నేను ఇన్నాళ్ళూ ఆమెతో సగం సంసారం తల ఊపుతోనే నడిపానని. వద్దు, చాలు, అక్కడ పెట్టు, అన్నీ తలతోనే. ఇప్పుడు ప్రతిదానికీ నోరు తెరిచి మాట అనాల్సి వచ్చింది.

కవచం కింద స్నానం లేదు. తడి పిండేసిన పలుచని గుడ్డని ఒక పక్క నుంచి దూర్చి రెండో పక్క నుంచి లాగేది. జాకెట్టు తల మీదుగా పోదు, భుజానికి కడ్డీలు అడ్డం. నా పాత చీరలు కోసి, పక్కలకి ముళ్ళు వేసుకునే అంగీలు కుట్టింది. మంచి చీరని కోసేసిందని నేను ఒక పూట అన్నం మానేశాను. కంచం నాకు కనపడదు, కళ్ళు కిందికి దించినా రొమ్ము మీది కవచమే కనిపిస్తుంది. గిన్నె బోర్లించి దాని మీద కంచం పెట్టేది. గొట్టంతో నీళ్ళు తాగేదాన్ని. ఆ గొట్టాన్ని కడిగి దాచుకుంటే చూసి నవ్వి ఊరుకుంది.

ఒంట్లో చప్పుళ్ళు ఉంటాయని నాకు అంతకుముందు తెలియదు. చక్రానికి గోరు తగిలితే పుర్రె లోపల గంట కొట్టినట్టుండేది. గుమ్మం దాటుతుంటే కడ్డీ తలుపుచెక్కకి తగిలి, పళ్ళన్నీ జివ్వుమనేవి. నా మింగుడు నాకే వినిపించేది. అవన్నీ కాక, వెనక నుంచి ఎవరో పిలిచినట్టు ఉండేది. ఎడమ పక్క, కాస్త ఎత్తు నుంచి. మాట తెలిసేది కాదు, పిలుపు అని మాత్రం తెలిసేది. తల తిప్పలేను కదా, అడుగులో అడుగు వేసుకుంటూ ఒళ్ళంతా తిరిగేదాన్ని. వెనక బీరువా, దాని మీద మడతపెట్టిన దుప్పట్లు. ఎవరూ ఉండరు. కోడలు ఎదుటి గదిలో మిషను కుడుతూ ఉంటుంది. తిరిగి మళ్ళీ కూర్చుంటే వీపు వెనక ఎవరో నిలబడి ఉన్నట్టే ఉండేది. నేనెటు తిరిగితే అటు తను కూడా తిరిగి, వెనకే ఉంటున్నట్టు.

రెండో వారంలో సీరియల్లో నా చావు మొదలైంది. కోడలు మా టీవీ పెట్టనివ్వలేదు. దానివల్ల ఏం లాభం? ఏడున్నరకి మా సందులో ప్రతి ఇంట్లోనూ అదే. కిటికీలన్నీ తెరిచే ఉంటాయి. నా మీద పడి ఏడుస్తున్న వాళ్ళ గొంతులు నాలుగు వైపుల నుంచీ వినపడ్డాయి. ఆ ఏడుపులు వినడం నాకు కొత్త కాదు, నేనే ఎన్నోసార్లు అలా ఏడ్చాను. అది నాకోసం ఏడ్చే ఏడుపు కావడమే కొత్త.

చావు మూడు రోజుల్లో అయిపోయింది. ఆ తర్వాతే అసలు బాధ. ఆ ఇంటి హాలు గోడకి నా ఫోటో తగిలించారు. చందనపు దండ, ఎర్ర బల్బు. అత్తలు కోడళ్ళు కొట్టుకున్నా, సంబంధాలు కుదిరినా, ఎవరో విషం కలిపినా, అన్నీ ఆ హాల్లోనే, అన్నీ నా ఫోటో కిందే. మా మంచం ఎదురుగా కిటికీ, కిటికీకి ఎదురుగా పక్కవాటా వాళ్ళ టీవీ. నా తల సరిగ్గా అటే బిగించి ఉంది. కళ్ళు మూసుకోవచ్చు. కళ్ళు మూస్తే చాప, దీపం, ముక్కుల్లో దూది. అందుకని తెరిచే ఉంచేదాన్ని.

పక్కవాటావిడ మంచిదే, మా గుంటూరు వైపు మనిషే. ఒక మధ్యాహ్నం కూర గిన్నె తెచ్చి ఇచ్చి, గుమ్మంలోనే నిలబడి మెల్లిగా అడిగింది.

"పిన్నిగారూ, ఒక మాట. ఆ రోజు మీరు నవ్వు షాట్ ఇవ్వలేదటగా?"

"ఎవరన్నారు?"

"అంతా అనుకుంటున్నారండీ. నవ్వకుండా లేచొచ్చేశారు, అందుకే మెట్ల దగ్గరే... పోన్లెండి, నేనెందుకు అడిగాను. కూర వేడిగా ఉన్నప్పుడే తినండి."

కూర తినలేదు. అందుకే మెట్ల దగ్గరే, అన్న చోట ఆవిడ మాట ఆపేసింది. ఆ మిగిలిన ముక్కని నేను రోజంతా నోట్లో తిప్పుకున్నాను. నేను దెయ్యాలని నమ్మే మనిషిని కాను. కాని చాప మీద పడుకున్న మనిషి లేవనే లేదేమో, లేచి వచ్చింది ఇంకెవరో ఏమో, ఈ మేకులు కొట్టింది బతికున్న మనిషి తలకి కాదేమో అని ఒకసారి మనసులో పడ్డాక, అది పోలేదు. అద్దం చూసుకోవడం మానేశాను.

అయిదో వారంలో కుడి కనుబొమ పైన మేకు టిక్కుమనడం మొదలుపెట్టింది. నమిలితే టిక్కు, మాట్లాడితే టిక్కు. నుదురు పోటు. కోడలు శుభ్రం చేసేటప్పుడు పళ్ళు బిగించి కదలకుండా కూర్చునేదాన్ని. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఆటో, ఆసుపత్రి, మళ్ళీ అందరి చూపులూ అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజం వేరు. ఈ ఎముక అతకదని నాలో ఎవరో తేల్చేశారు. ఆ టిక్కు వాళ్ళ మాటే అనుకున్నాను. అతకని దానికి మేకు బిగిస్తే ఎంత, వదులైతే ఎంత.

నాలుగు రోజులకి దూది పుల్లకి పసుపు పచ్చగా అంటింది. కోడలు వేలితో మేకు చుట్టూ చర్మం ముట్టుకుంది. నేను అరిచాను.

"ఎన్ని రోజులసంది నొస్తుంది?"

"ఇవాళే."

"అబద్ధం. చెప్పు, అత్తమ్మా. ఎన్ని రోజులు?"

"నాలుగు."

ఆమె పుల్ల కింద పడేసింది. ఎనిమిదేళ్ళలో నా ముందు గొంతు ఎత్తలేదు, ఆరోజు ఎత్తింది. "నాలుగు రోజులు నోరు మూస్కొని కూసున్నవా? గట్ల చీము లోపలికి పోతే ఏమైతదో ఎరికేనా? చావాల్నని ఉంటే నాకెందుకు పొద్దున లేస్తే నీ తలకాయ తుడిసే పని?" అని, ఏడుస్తూనే నా కొడుక్కి ఫోను చేసి, ఫోను పెట్టేసి, ఆటో తెచ్చింది.

షేక్‌పేట మీదుగా పోయాం. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా, "అన్నా, నిమ్మళం, నిమ్మళం," అని ఆటో ఆయన్ని బతిమాలుతూ, నా వీపు వెనక తన చెయ్యి మెత్తగా పెట్టి కూర్చుంది. డాక్టరు మేకు బిగించాడు. బిగిస్తుంటే కళ్ళలో నీళ్ళు వాటంతట అవే కారాయి. మందులు రాసి, "ఇంకో మేకు ఇలాగైతే ఇదంతా తీసెయ్యాల్సి వస్తుంది. ఎముక ఇప్పుడిప్పుడే పట్టుకుంటోంది. ఇప్పుడు తీస్తే ఆపరేషనే," అన్నాడు.

తిరిగి వస్తూ ఆటోలో నేనే చెప్పాను. ఎదుట డ్రైవరు వీపు తప్ప ఏమీ కనపడదు కాబట్టి చెప్పగలిగాను. నవ్వు షాట్ సంగతి, వెనక పిలుపు సంగతి, ఎముక అతకదనిపిస్తున్న సంగతి. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నాక్కూడ గదే ఫికరుండె అత్తమ్మా. నీకు చెప్తే బుగులు పడ్తవని చెప్పలె. కెమెరా బంద్ చేయకముందు నువ్వు జరంత నవ్వినవేమో. నేను అడుగుత. ఏడనో ఉంటది."

రెండు రోజుల తర్వాత పని నుంచి వచ్చింది. "దొరికిందా?" అన్నాను. "దొరకలె," అంది. నాతో మాట్లాడాలంటే ఎవరైనా నా ఎదురుగా వచ్చి నిలబడాలి. ఎదురుగా నిలబడి అబద్ధం ఆడటం ఆమెకి చేతకాదు.

"ఫోను ఇటు తే."

"అండ్ల ఏం లేదు. నువ్వు నవ్వలె."

"తెమ్మంటుంటే."

తెచ్చి నా కళ్ళ ముందు పట్టుకుంది. కెమెరా అబ్బాయి ఆపకుండా ఉంచేశాడట, నవ్వు కోసం. అడిగితే ఆ ముక్కని ఆమె ఫోనుకి పంపాడు. తెర మీద నేను చాప మీద లేచి కూర్చున్నాను. పసుపు ముఖం చిట్లించుకుని, మీరే నవ్వుకోండి అన్నాను, కాలి దగ్గర గుడ్డ పీకాను, లేచి పక్కకి వెళ్ళిపోయాను. తర్వాత ఎవరూ లేరు. ఖాళీ చాప, తల దగ్గర దీపం. దీపం మాత్రం కొద్దిగా ఊగింది. అప్పుడు వినిపించింది.

"అత్తమ్మా! కాలు! కాలికి గుడ్డుంది! అత్తమ్మా, ఆగు! అత్తమ్మా!"

ఆ తర్వాత ఒక చప్పుడు. ఆ చప్పుడు గురించి రాయను. దీపం అలాగే వెలుగుతూ ఉంది.

ఆమె ఫోను కిందికి దించేసింది.

"నువ్వేనా పిలిచింది?" అన్నాను.

"నేనే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే ఏమైతది? మెడ అతుకుతదా?"

ఇక్కడ నేను రాయాల్సింది ఒకటి ఉంది. ఆ పిలుపు ఆరోజు నాకు వినపడలేదని ఆమె అనుకుంటోందనుకున్నాను. హారన్ చప్పుడులో కలిసిపోయిందని అనుకుని ఉంటుందనుకున్నాను. వినపడింది. మూడుసార్లూ వినపడింది. ఆ వేషం ఒప్పుకున్న రోజే నేను ఆమెకి ఒక షరతు పెట్టాను: సెట్లో నన్ను అత్తా గిత్తా అని పిలవకు, అక్కడ నువ్వు కాస్ట్యూమ్స్, నేను ఆర్టిస్టుని, కోడలి సిఫారసుతో వచ్చిందంటారు. ఆ రోజు అంతమంది ముందు ఆమె యాసలో, ఆ పెద్ద గొంతుతో అత్తమ్మా అని కేక వేస్తే నాకు ఒళ్ళు మండింది. పలికితే అలుసైపోతుందని, విననట్టు ఇంకా గబగబా నడిచాను. తల తిప్పి ఉంటే గుడ్డ కనిపించేది. మేకులు లేని మెడ అది. హాయిగా తిరిగేది.

తర్వాత ఆమె కూరగాయలు తరుగుతుంటే అన్నాను. "విన్నానే, ఆరోజు." అంతే అనగలిగాను. కత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ సాగింది.

"నాకు ఎరికే," అంది.

ఆ తర్వాత వెనక పిలుపు ఆగిపోయిందని రాయాలని ఉంది. ఆగలేదు. ఎవరి గొంతో మాత్రం తెలిసింది. దానికి భయం తగ్గాలి కదా, తగ్గలేదు, వేరే రకం అయింది. చచ్చిన మనిషి పిలుస్తోందనుకున్నప్పుడు తప్పు ఎవరిదో అనుకున్నాను. ఇప్పుడు పిలిచే మనిషి పక్క గదిలో మిషను మీద ఉంది, మధ్యాహ్నం నాకు పెరుగన్నం కలిపి పెడుతుంది.

ఒకటి మారింది. నేను నొప్పి దాచడం మానేశాను. పదో వారంలో చెవి వెనక మేకు టిక్కుమంటే, అది రెండోసారి టిక్కుమనే లోపలే కేక వేశాను. ఆ గంటలోనే ఆసుపత్రిలో ఉన్నాం. "ఒక్క రోజు ఆలస్యమైనా తీసేసేవాణ్ణి," అన్నాడు డాక్టరు బిగిస్తూ. నా కోడలు కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ముఖం మూసుకుంది. ఏడవలేదు, ఊరికే అలా కూర్చుంది.

పన్నెండు వారాలకి మెడకి ఎక్స్‌రే ఫోటో తీశారు. ఎముక అతికింది. డాక్టరు తెర మీద వేలు పెట్టి గీత చూపించాడు. నాకు ఏమీ అర్థం కాలేదు, అతికింది అన్న మాట ఒక్కటి చాలు. మేకులు విప్పుతుంటే ఒక్కోటీ లోపల కిర్రుమని తిరిగింది. చక్రం తీసేసరికి తల పడిపోతుందనుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. ఇంత బరువు తలని ఇన్నేళ్ళు ఎలా మోశానా అనిపించింది. మెడకి మెత్తటి పట్టీ వేశారు. "మెల్లిగా ఎడమ పక్కకి తిప్పండి," అన్నాడు. కొద్దిగా తిరిగింది. "ఇంకాస్త." తిప్పలేదు. నొప్పి లేదు. అటు ఏముందో చూడటానికి ధైర్యం చాలలేదు. ఇక అటు అంతే తిరగవచ్చు, అలవాటు చేసుకోండి అన్నాడు డాక్టరు. అలాగే అన్నాను.

మేకుల చోట పుళ్ళు మానాక తలంటుకోవచ్చన్నారు. పన్నెండు వారాల జుట్టు. మెడ వంచకూడదు కాబట్టి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల మంచం కొసకి తెచ్చి, కింద బకెట్టు పెట్టింది కోడలు. పట్టీ తడవకుండా ప్లాస్టిక్ చుట్టింది. ఆసుపత్రి బల్లలు పక్కన పెడితే, వెల్లకిలా పడుకోవడం ఆ చాప తర్వాత అదే మొదటిసారి. కాళ్ళు రెండూ వాటంతట అవే దగ్గరికి వచ్చాయి. దూరంగా జరుపుకున్నాను.

ఆమె నా తల వెనక పీట మీద కూర్చుంది. నాకు పైకప్పు కనిపిస్తోంది, ఫ్యాను రెక్కలు కనిపిస్తున్నాయి, ఆమె కనపడటం లేదు. గోరువెచ్చటి నీళ్ళు నుదుటి మీద నుంచి వెనక్కి జారాయి. వేళ్ళు జుట్టులోకి వచ్చాయి, మేకుల గుంటల దగ్గర ఆగి, తప్పించుకుని పోయాయి.

"ఎవరూ?" అన్నాను.

"నేనే అత్తమ్మా. ఇంకెవరుంటరు?"

కుంకుడు పులుసు పోసి రుద్దుతోంది. నురుగు చప్పుడు చెవుల్లో. ఫ్యాను రెక్క ఒకటి మెల్లిగా తిరిగింది.

"ఎవరూ?"

"నేనే. కండ్లు మూస్కో, కుంకుళ్ళు పడ్తయి."

మూసుకోలేదు. వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకోవడం ఒక్కటి ఇంక నావల్ల కాదు. పులుసు కంట్లో పడింది. మండింది. మండుతున్నా తెరిచే ఉంచి, మళ్ళీ అడిగాను. విసుక్కోకుండా పలికింది.